కల్లెడ అమ్మాయి - మా చెల్లెలు

మన కళాశాల వార్షిక పత్రిక రెండు వైపుల నుండి తెరుచుకొనే పుస్తకం. కుడి వైపు నుండి ఉర్దూ, ఎడమ వైపు నుండి తెలుగు మొదలై నడుమ ఎక్కడో కలుసుకుంటాయి. ఈ తెలుగు వైపున ప్రతి సంవత్సరం నేను ప్రబంధాలను గురించో, శతకాలను గురించో ఒక వ్యాసం వ్రాస్తూ వచ్చాను. ఈ ఏడు కూడా సంపాదక వర్గం వారు అటువంటిదే ఆశించి ఉంటారు. వారు నన్ను క్షమింతురు గాక. ఈసారి నా మనసు పుస్తకాల మీద నిలువలేదు. ఒక పరుగుపందెం మీద నిలిచింది. ఆటల మైదానానికి ఆమడ దూరంలో ఉండే తెలుగు పంతులుకు పరుగుపందెంతో ఏమి పని అని విద్యార్థులు నవ్వుకోవచ్చును. ఆ పని ఏమిటో చెప్పడానికే ఈ వ్యాసం.

వరంగల్ జిల్లా పర్వతగిరి మండలంలో కల్లెడ అనే గ్రామం ఉన్నది. 2003 సెప్టెంబరు 27న ఆ ఊరిలో యాదగిరి, ధనలక్ష్మి అనే కూలి దంపతులకు ఒక ఆడపిల్ల పుట్టింది. పేరు దీప్తి, ఇంటిపేరు జీవాంజి. ఆ పిల్లకు మాట, గ్రహింపు, నలుగురితో కలిసే తీరు తోటి పిల్లలకంటె నెమ్మదిగా వచ్చాయి. ఊరివారిలో కొందరు ఆమెను పిచ్చిదనీ, కోతి అనీ వెక్కిరించేవారని, అనాథాశ్రమంలో వదలిపెట్టమని కూడా సలహా చెప్పారని ఆ తల్లి తరువాతి కాలంలో పత్రికల వారితో చెప్పుకున్నది. ఉన్న కొద్దిపాటి పొలం కూడా అవసరానికి అమ్ముకున్న కుటుంబం అది.

బడిలో ఆ పిల్ల పరుగును మొదట గుర్తించినవారు వ్యాయామ ఉపాధ్యాయులు. తరువాత ఒక పోటీలో ఆమెను చూసిన శిక్షకులు నాగపురి రమేష్ హైదరాబాదుకు పంపమని తల్లిదండ్రులను అడిగారు. పంపడానికి వారి వద్ద బస్సు ఛార్జీలు కూడా లేకపోయెనట. వరంగల్ నుండి హైదరాబాదుకు బస్సు ఛార్జీ ఎంతో నాకు తెలుసు. విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదువుకునే రోజుల్లో ఆ ఛార్జీ కోసం నేనూ నలుగురిని అడిగినవాణ్ణే. ఒక మనిషి ప్రపంచ రికార్డుకు, ఆమె ఊరికి నడుమ ఆ కొద్ది రూపాయలే అడ్డుగా నిలబడినాయంటే, ఇంకా ఎన్ని ఊళ్ళలో ఎందరు ఆ అడ్డు దాటలేక ఆగిపోయారో కదా అనిపిస్తుంది.

దీప్తి మొదట అందరితో సమానంగా సాధారణ పోటీలలోనే పరుగెత్తింది. బ్యాడ్మింటన్ శిక్షకులు పుల్లెల గోపీచంద్ సూచన మీద సికింద్రాబాదులోని జాతీయ సంస్థలో ఆమెకు పరీక్షలు జరిగాయి. ఆ సంస్థ బౌద్ధిక వైకల్యం గల వారి కోసం 1984లో ఏర్పడినది. ఆ పరీక్షల పిమ్మట ఆమె టి-20 అనే తరగతిలో పోటీ చేసే అర్హత పొందింది. టి-20 అనగానే నా విద్యార్థులకు క్రికెట్టు జ్ఞాపకం వస్తుంది. అది వేరు, ఇది వేరు. పారా అథ్లెటిక్సులో 'టి' అన్న అక్షరం పరుగుబాటకు గుర్తు. దాని ప్రక్కనున్న అంకె వైకల్యపు స్వభావాన్ని తెలుపుతుంది. 11 మొదలు 13 వరకు చూపులేని వారు, చూపు తక్కువైన వారు. 35 మొదలు 38 వరకు మెదడు పక్షవాతం వలన కండరాలు అదుపు తప్పిన వారు. 20 బౌద్ధిక వైకల్యం గలవారు. ఈ తరగతిలో చేరడానికి తెలివి సూచిక 75 గాని, అంతకు తక్కువ గాని ఉండాలి. నిత్యజీవితపు పనులలో ఇబ్బంది కనబడాలి. ఆ స్థితి ఎదిగే వయసులోనే ఏర్పడి ఉండాలి.

ఇంత కట్టుదిట్టం ఎందుకని అడుగుదురేమో. దానికి ఒక చేదు చరిత్ర ఉన్నది. 2000 సంవత్సరంలో సిడ్నీ పారాలింపిక్సులో స్పెయిన్ దేశపు బాస్కెట్‌బాల్ జట్టు ఈ విభాగంలో స్వర్ణం గెలిచింది. ఆ జట్టులోనే ఆడిన ఒక పాత్రికేయుడు కొద్ది రోజులకే అసలు సంగతి బయటపెట్టాడు. 12 మంది ఆటగాళ్ళలో 10 మందికి ఏ వైకల్యమూ లేదు! స్వర్ణం వెనక్కు ఇవ్వవలసి వచ్చింది. అంతటితో పోలేదు. బౌద్ధిక వైకల్యం గలవారిని పారాలింపిక్సు నుండే తప్పించారు. 2004లో ఏథెన్సులోను, 2008లో బీజింగులోను వారికి పతకాల పోటీలలో చోటు లేకపోయింది. 2012లో లండన్‌లో తిరిగి తలుపు తెరుచుకున్నది. తెలివిగలవారు చేసిన మోసానికి ఏ పాపమూ ఎరుగని వారు పన్నెండేళ్ళు శిక్ష అనుభవించారు. మన చుట్టూ ఉన్న లోకంలో ఎవరిని తెలివిగలవారు అంటున్నామో, ఎవరిని కాదంటున్నామో ఒకసారి ఆలోచించదగినది.

దీప్తి పరుగెత్తేది 400 మీటర్లు. మైదానం చుట్టూ సరిగ్గా ఒక చుట్టు. ఇది చూడడానికి తేలిక, పరుగెత్తడానికి కఠినం. 100 మీటర్ల పందెంలో మొదటి నుండి చివరి వరకు ప్రాణం పెట్టి పరుగెత్తవచ్చును. 400లో అట్లా చేస్తే మూడు వందల మీటర్ల దగ్గరే కాళ్ళు బరువెక్కి కదలనంటాయి. మరీ దాచుకుంటే ముందున్నవారు అందరు. ఎంత బలం ఎక్కడ ఖర్చు పెట్టాలో లెక్క చూసుకుంటూ పోవాలి. అది కాళ్ళు ఒక్కటే చేసే పని కాదు, బుద్ధి కూడా చేయవలసిన పని. వంపులో గీత తొక్కరాదు, బారు మారరాదు. టి-20 వారికి చూపులేని వారికి వలె ప్రక్కన చేయిపట్టి నడిపించే తోడు పరుగువీరుడు ఉండడు. బరి, గీతలు, తుపాకీ చప్పుడు, నియమాలు - అన్నీ అందరికీ ఉన్నవే. బుద్ధి చాలదని ఊరు తేల్చిన పిల్ల, అంత లెక్క గల పందెాన్ని ఎంచుకొని అందులో లోకానికంతటికీ ముందు నిలిచింది.

2023 అక్టోబరులో చైనాలోని హాంగ్‌ఝౌ నగరంలో జరిగిన ఆసియా పారా క్రీడలలో ఆమె 56.69 సెకన్లలో స్వర్ణం గెలిచింది. ఆ బహుమతి సొమ్ముతో తల్లిదండ్రులు అమ్ముకున్న పొలాన్ని తిరిగి కొన్నారు. 2024 మే నెలలో జపానులోని కోబేలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్సు పోటీలలో 55.07 సెకన్లలో పరుగెత్తి స్వర్ణంతో పాటు ప్రపంచ రికార్డు స్థాపించింది. అంతకు ముందున్న రికార్డు అమెరికా దేశపు బ్రియానా క్లార్క్‌ది, 55.12 సెకన్లు. తేడా సెకనులో ఇరవయ్యో వంతు. కనురెప్ప కొట్టేంత కాలమైనా కాదు. ఆ రికార్డును అదే సంవత్సరం పారిస్ పారాలింపిక్సు ప్రాథమిక పరుగులో తుర్కియే అమ్మాయి ఐసెల్ ఒండెర్ దాటిపోయింది. రికార్డుల స్వభావమే అంత.

ఇక నా కథకు వస్తాను.

మా అబ్బా దర్జీ. వరంగల్లులో ఒక గల్లీ మొదట్లో చిన్న దుకాణం. మేము ఇద్దరమే పిల్లలం. నేను, నా తరువాత అయిదేళ్ళకు చెల్లెలు. చెల్లెలికి నడక ఆలస్యంగా వచ్చింది, మాట ఇంకా ఆలస్యంగా వచ్చింది. బడిలో వేస్తే అక్షరాలు నిలువలేదు. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు కావడం వలన వెనకబడిందేమోనని అబ్బా కొంతకాలం సరిపెట్టుకున్నారు. గల్లీలో పిల్లలు ఆమెను 'పగ్లీ' అన్నారు. బడిలో పిల్లలు 'పిచ్చిది' అన్నారు. రెండు భాషలలోను ఆమెకు మొదట వచ్చిన బిరుదు ఒక్కటే. నేను రెండు భాషలూ ఇష్టపడి చదువుకున్నవాణ్ణి. ఆ ఒక్క మాట విషయంలో మాత్రం రెండింటికీ తేడా కనబడలేదు.

నేను తొమ్మిదవ తరగతిలోను, చెల్లెలు నాలుగవ తరగతిలోను ఉండగా ఒకనాడు మధ్యాహ్నం విరామ సమయంలో నలుగురైదుగురు పిల్లలు ఆమె చుట్టూ చేరి ఆ మాటను పాటగా పాడుతున్నారు. నేను నా స్నేహితులతో అటుగా వచ్చాను. వారిలో ఒకడు, కొత్తగా చేరినవాడు, "ఆ అమ్మాయి మీ చెల్లెలటగా?" అని అడిగాడు. "కాదు, మా గల్లీలో ఉంటుంది" అన్నాను. చెల్లెలు తల ఎత్తి నావైపు చూసింది. నేను ముందుకు నడిచిపోయాను. ఆ సంవత్సరమే ఆమె బడి మానింది. ఎందుకు మానిందని ఇంట్లో ఎవరూ గట్టిగా అడగలేదు. నేను అసలే అడగలేదు.

అప్పటి నుండి ఆమె అబ్బా దుకాణంలో వెనుక కూర్చొని కాజాలు కుట్టడం, గుండీలు, హుక్కులు వేయడం నేర్చుకున్నది. ఒక కాజా ఎంత పొడవు ఉండాలో ఆమెకు కొలత చెప్పనక్కర లేదు. ఇరవై చొక్కాలకు వరుసగా కుట్టినా మొదటి దానికీ చివరి దానికీ నూలుపోగు తేడా ఉండదు. కుట్టిన చొక్కాల మీద మా అబ్బా పేరే ఉండేది. చెల్లెలి పనిని ఎవరూ గడియారం పెట్టి కొలవలేదు, ఎవరూ ఆమె పేరు మైకులో చదవలేదు.

వైకల్య ధ్రువపత్రం తెద్దామని నేను ఒకటి రెండుసార్లు అన్నాను. అబ్బా ఒప్పుకోలేదు. "ఆ కాగితం చేతికి వస్తే ఆడపిల్ల నుదుటి మీద రాసినట్లే. రేపు సంబంధం వస్తే ఏమని చెప్పను?" అన్నారు. అందులో ఆయన ప్రేమ ఉన్నది, భయమూ ఉన్నది. నేను వాదించలేదు. వాదించకపోవడం నాకు సుఖంగా ఉండెను గనుక.

2024 సెప్టెంబరు 3వ తేదీ రాత్రి ఇషా నమాజు అయి, భోజనాలు ముగించి టెలివిజన్ ముందు కూర్చున్నాము. మన జిల్లా అమ్మాయి పారిస్‌లో పరుగెత్తుతున్నదని పగలంతా కళాశాలలో అనుకున్నారు. ఆ అమ్మాయి ఎటువంటిదో, ఊరిలో ఏమనేవారో నేను అమ్మీకి చెబుతుంటే చెల్లెలు ప్రక్కన కూర్చొని ఒక షేర్వానీకి గుండీలు వేస్తున్నది. వింటున్నదని అనుకోలేదు.

పందెం ఒక్క నిమిషమైనా లేదు. ఉక్రెయిన్ అమ్మాయి యూలియా షులియార్ 55.16 సెకన్లలో మొదట వచ్చింది, ఐసెల్ ఒండెర్ 55.23తో రెండవది, దీప్తి 55.82తో మూడవది. కాంస్యం! బౌద్ధిక వైకల్యం గల భారతీయ క్రీడాకారులలో పారాలింపిక్ పతకం గెలిచిన మొదటి మనిషి ఆమె. ఆ క్రీడలలో మన దేశానికి మొత్తం 29 పతకాలు వచ్చాయి. అందులో ఇది ఒకటి.

నాకు మాత్రం మొదట కలిగినది నిరాశ. ప్రపంచ రికార్డు స్థాపించిన పిల్ల మూడవది అయిందే అనుకున్నాను. ఆ మాటే పైకి అన్నాను. అప్పుడు చెల్లెలు సూది ఆపి, "మూడో నంబరు వచ్చినా చప్పట్లు కొడుతున్నారు కదా భయ్యా" అన్నది. కొంచెం సేపు తెర మీద జెండా కప్పుకున్న ఆ అమ్మాయిని చూసింది. మళ్ళీ సూది తీసుకుంటూ, "నన్ను కూడా బడిలో అట్లాగే అన్నారు. నువ్వు గల్లీలో అమ్మాయి అన్నావు" అన్నది.

ఆమె గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే నాకు కొంత ఊరటగా ఉండేది. ఆమె ఒక జరిగిన సంగతి చెప్పింది, అంతే. ఇరవై ఏళ్ళకు పైగా ఆమెకు ఏదీ జ్ఞాపకం ఉండదన్న ధైర్యంతో నేను బ్రతికాను. అక్షరాలు నిలువని మనసులో నా మాట నిలిచిపోయింది. అమ్మీ నావైపు చూసింది. అబ్బా చూపు తెర మీదనే ఉంచారు. నేను లేచి చెల్లెలి ప్రక్కన కూర్చొని "తప్పు చేశాను, మాఫ్ చెయ్యి" అన్నాను. "దారం పడిపోతుంది, జరుగు" అన్నది. మాఫ్ చేసిందో లేదో నాకు నేటికీ తెలియదు.

మరునాడు అబ్బా తనంతట తానే అడిగారు: "ఆ పరుగు అమ్మాయికి కూడా ఆ కాగితం ఉన్నదా?" ఉన్నదన్నాను. ఆ కాగితం లేకుంటే ఆ బరిలోకే రానివ్వరని, అది నుదుటి మీద రాత కాదు, తలుపు తీసే తాళంచెవి అని చెప్పాను. కొన్ని వారాలకు ముగ్గురం సదరం శిబిరానికి వెళ్ళాము. చెల్లెలు తన పేరు తానే చెప్పింది. వృత్తి ఏమిటని అడిగితే నేను నోరు తెరవబోతున్నాను. ఆమె నాకంటె ముందే "దర్జీ" అన్నది. అబ్బా కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

మిత్రులారా, ఇక్కడితో ముగించి ఉంటే ఇది మంచి కథ అయ్యేది. కాని మరొకటి చెప్పక తప్పదు. అదే సంవత్సరం జూన్ నెలలో, అంటే పారిస్ పందెానికి మూడు నెలల ముందు, మన కళాశాల ప్రవేశాల బల్ల దగ్గర నేను కూర్చొని ఉండగా ఒక తల్లి తన కొడుకును వెంటబెట్టుకొని వచ్చింది. ఆ కుర్రవాడు కష్టపడి పదవ తరగతి గట్టెక్కినవాడు. మాట తడబడుతున్నది. రెండు ప్రశ్నలు వేసి, "ఇక్కడ కష్టమమ్మా, ఇంకెక్కడైనా చూడండి" అన్నాను. ఆమె మారు మాటాడక వెళ్ళిపోయింది. సెప్టెంబరు తరువాత ఆమెను వెదకాలని దరఖాస్తుల కట్ట అంతా తిరగవేశాను. దొరకలేదు. ఎట్లా దొరుకుతుంది? నేను ఆమెకు దరఖాస్తే ఇవ్వలేదు. తొమ్మిదవ తరగతి కుర్రవాడు చేసిన తప్పుకు వయసు సాకు ఉన్నది. ఎం.ఏ. చదివిన ఉపన్యాసకుడికి ఏ సాకు ఉన్నది?

కావున కళాశాల పాలక సంఘం వారికి నా మనవి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రభుత్వ, ప్రభుత్వ సహాయం పొందే ఉన్నత విద్యాసంస్థలలో 5 శాతానికి తక్కువ కాకుండా సీట్లు కేటాయించాలని చెప్పింది. ఆ నిబంధన మనకు ఎంతవరకు వర్తిస్తుందన్న చర్చ తరువాత చేసుకుందాము. ముందుగా, వచ్చే జూన్‌లో ఆ బల్ల దగ్గర ఎవరు కూర్చున్నా, వచ్చిన ప్రతి తల్లి చేతికి దరఖాస్తు ఇవ్వాలి. కష్టమో కాదో ఆ పిల్లవాడు తరగతిలో కూర్చున్న తరువాత తెలుస్తుంది. అల్పసంఖ్యాకుల కోసం ఈ కళాశాలను స్థాపించిన పెద్దలకు ద్వారం దగ్గరి నుండే వెనక్కు పంపబడడం ఎంత బాధో తెలుసు. ఆ బాధ తెలిసినవారు ఇంకొకరిని వెనక్కు పంపరాదు.

రెండవ మనవి చాలా చిన్నది. మన క్రీడోత్సవంలో ప్రతి పందెానికీ మొదటి ముగ్గురి పేర్లే మైకులో చదువుతాము. ఈసారి గీత దాటిన అందరి పేర్లూ చదవండి. కొన్ని నిమిషాలు ఎక్కువ పడుతుంది. పడనివ్వండి.

విద్యార్థినీ విద్యార్థులారా, మీకు ఒక్క మాట. వికలాంగులను పదిమందిలో కావాలని అవమానించడం ఆ చట్టం ప్రకారం నేరం. ఆరు నెలల నుండి అయిదేళ్ళ వరకు జైలు శిక్ష ఉన్నది. కాని నేను జైలు పేరు చెప్పి మిమ్మల్ని భయపెట్టను. ఆ మాట అన్నవారు మరచిపోతారు, విన్నవారు మరచిపోరు. ప్రక్కన నిలబడి ఊరకున్నవారిని అసలే మరచిపోరు. ఇది నా ఇంట్లో నేను నేర్చుకున్న పాఠం.

దీప్తిని గురించి ఇంకొక సంగతి చెప్పి ముగిస్తాను. కాంస్యం తరువాత రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఉద్యోగం, ఇంటి స్థలం ప్రకటించింది. 2025 జనవరిలో రాష్ట్రపతి చేతుల మీదుగా అర్జున పురస్కారం అందింది. అదే సంవత్సరం ఢిల్లీలో జరిగిన ప్రపంచ పోటీలలో ఆమె 55.16 సెకన్లలో పరుగెత్తి రజతం గెలిచింది. పారిస్‌లో స్వర్ణం తెచ్చిన కాలం సరిగ్గా అంతే. ఆ రోజు అంతకంటె వేగంగా ఒండెర్ పరుగెత్తింది గనుక ఇది రజతం అయింది. పతకం రంగు ప్రక్కవారిని బట్టి మారుతుంది, గడియారం మాత్రం మనిషి చేసిన పనినే చూపుతుంది.

అందరు నెమ్మది పిల్లలూ దీప్తి వలె పరుగెత్తరు. మా చెల్లెలు పరుగెత్తదు. పతకం తెస్తేనే మనిషిని పేరు పెట్టి పిలుస్తామంటే, మనం కల్లెడ అమ్మాయి నుండి నేర్చుకున్నది ఏమీ లేదు. మొన్న పండుగకు అబ్బా దుకాణం ముందు బోర్డుకు కొత్త రంగు వేయించారు. తన పేరు క్రింద చెల్లెలి పేరు కూడా వ్రాయించారు. వ్రాసేవాడు ఉర్దూలోనా, తెలుగులోనా అని అడిగితే చెల్లెలు "రెండింటిలోను" అన్నది. తెలుగు అక్షరాలు మాత్రం నేను దగ్గర నిలబడి సరిచూశాను.